ఎంత ఖరీదైన సైకిలైతే అంత పొదుపు

బ్రిటన్‌లో ఉద్యోగులను పొదుపరులుగా తీర్చిదిద్దడానికి 1999లో పుట్టిన పథకం సైకిల్ టు వర్క్. సైకిల్‌ను మనం పనిచేసే కంపెనీ కొంటుంది, మనకు అద్దెకిస్తుంది. ఆ అద్దె సాధారణంగా 12 నెలల పాటు పన్ను కోతకు ముందే జీతంలోంచి పోతుంది. ఇంగ్లండ్‌లో 20 శాతం పన్ను కట్టేవాళ్లకు నేషనల్ ఇన్సూరెన్స్ (జీతంలోంచి కోసే సామాజిక భద్రత చందా) 8 శాతంతో కలిపి 28 శాతం మిగులు, 40 శాతం వాళ్లకు ఆ చందా 2 శాతంతో కలిపి 42.

ఇక లెక్క చూడండి. 42 శాతం వాళ్లు 900 పౌండ్ల సైకిల్ కొంటే మిగిలేది 378. అదే 2,500 పౌండ్లది కొంటే 1,050! ఆషాఢం డిస్కౌంట్లో ఒక చీర కోసం వెళ్లి ఆరు తెచ్చుకున్న వంశంలో పుట్టినవాళ్లకు ఇందులో లాభం ఎటుందో వేరే చెప్పాలా?

పొదుపు తెలియని అమాయకులు కొందరున్నారు. అల్యూమినియం ఫ్రేమ్, ముందు చక్రాన్ని పట్టుకునే కార్బన్ ఫోర్క్, డిస్క్ బ్రేకులు, షిమానో కంపెనీ మామూలు రకాలైన క్లారిస్ లేదా సోరా గేర్లు చాలంటారు. ముందు గేరు చక్రాలకు 50/34 పళ్లు, వెనక వాటికి 11-32 ఉంటే ఎత్తులు ఎక్కొచ్చంటారు. ఇంకా ఘోరం, షాపులో రంగు చూడకుండా వంగి వెనక చక్రం ఇరుసు దగ్గర మడ్‌గార్డ్ బిగించే రంధ్రాలున్నాయా, 32 మి.మీ. టైరు పడుతుందా అని వెతుకుతారు. వీళ్ల సైకిల్‌కు వాట్సాప్ గ్రూపులో ఒక్క లైకు రాదు.

విజ్ఞులు రేసు సైకిల్ తీసుకుంటారు. హ్యాండిల్ సీటు కంటే బాగా కిందికి ఉంటుంది. రోజంతా ల్యాప్‌టాప్ ముందు వంగిన నడుముకు సాయంత్రం కూడా అదే భంగిమ, అలవాటు తప్పదు. మడ్‌గార్డ్ రంధ్రాలుండవు. మాంచెస్టర్ వానలో వెనక చక్రం చిమ్మిన బురద వీపు మీద నిలువు నామం దిద్దుతుంది, ఆ అలంకారంతోనే స్టాండప్ మీటింగ్‌కు హాజరు కావచ్చు. ఇంటికి తెచ్చాక కనిపించే విశేషం ఇంకోటి: పెడళ్లు లేవు. ఈ ధరలో చాలా సైకిళ్లు పెడళ్లు లేకుండానే అమ్ముతారు. షాపువాడు కొటేషన్ ఇచ్చేటప్పుడే పెడళ్లు అడగాలి. హెల్మెట్, లైట్లు, తాళం కూడా అందులోనే కలిపించుకోవాలి, ఎందుకంటే ఆ మొత్తానికి పథకం ఇచ్చే కొనుగోలు వోచర్ వచ్చాక మొత్తం పెంచుకోవడం కష్టం. కానీ అంతా ఫ్రేముకే పోశాక తాళానికెక్కడిది? ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు, తాళాల గట్టిదనాన్ని పరీక్షించే సోల్డ్ సెక్యూర్ సంస్థ గోల్డ్ ముద్ర ఉన్న డి-లాక్ (డి ఆకారపు లోహపు తాళం) పక్కన పెట్టి సన్నటి కేబుల్ తాళం తీసుకుంటారు. చిన్న కట్టర్ చాలు దానికి.

12 నెలలు కట్టేశాక సైకిల్ మనదేగా అంటారా? కంపెనీదే. ఏడాది నిండగానే సొంతం చేసుకుంటే, 500 పౌండ్లు, ఆపై ధర సైకిల్‌కు పన్నుల శాఖ పట్టిక ప్రకారం విలువ 25 శాతం: 2,500కి 625 పౌండ్లు. నాలుగేళ్లు ఆగితే 7 శాతమే, 175. అందుకే చాలా పథకాల్లో ఆ 7 శాతం డిపాజిట్‌గా కట్టించుకుని, మరో మూడేళ్లు అద్దె లేకుండా వాడుకోనిస్తారు. మొదటి 12 నెలల్లోనే హైక్ కోసం ఉద్యోగం మారితే, మిగిలిన వాయిదాలన్నీ ఆఖరి జీతంలోంచి, పన్ను పోగా మిగిలిన డబ్బులోంచి కోస్తారు. వాటి మీద 42 శాతం మిగులు హుష్‌కాకి.

పథకం పెట్టే మరో షరతు, వాడకం ప్రధానంగా ఆఫీసు ప్రయాణానికే ఉండాలి. స్టేషన్ దాకా తొక్కినా లెక్కలోకే వస్తుంది. వారానికి అయిదు రోజులూ ఇంటి నుంచే పని చేసేవాళ్లు పడకగది నుంచి హాల్లోకి తొక్కాలి కాబోలు.

నవంబరు నాటికి రేసు సైకిల్ హాల్లో హీటర్ పక్కకి చేరుతుంది. కిందికి వంగిన హ్యాండిల్ మీద తడి తువ్వాళ్లు రెండు చక్కగా ఆరతాయి. కార్బన్ కాబట్టి తుప్పు మరకలు కూడా అంటవు.