ఆర్ కాదప్పా, ఆర్‌డబ్ల్యూ పెట్టాల

మీ పోస్టులో స్టార్‌పీయూ (పనుల్ని టాస్కులుగా సీపీయూ, జీపీయూలకు పంచే లైబ్రరీ)లో వెక్టర్‌ని ఒక ఫ్యాక్టర్‌తో గుణించే సీపీయూ కర్నెల్ (అసలు లెక్క చేసే ఫంక్షన్) బాగానే చూపించినారన్నా, కానీ యాక్సెస్ మోడ్ (టాస్కు డేటాని చదువుతాదా, రాస్తాదా అని చెప్పేది) సంగతి ఒక్క ముక్కలో తేల్చేసినారు. అనంతపురంలో కాలేజీ ల్యాబ్‌లో నేనూ ఇదే రాసినా, ఫంక్షన్‌లో ఏముంది, బఫర్స్ అర్రే నుంచి పాయింటరూ సైజూ తీస్కోని ఫర్ లూప్ తిప్పడమే, అయితే కోడ్‌లెట్‌లో (టాస్కుకి ఏ ఫంక్షను, ఏ మోడు అని రాసే స్ట్రక్చరు) ఆర్‌డబ్ల్యూ, అంటే చదివి రాసేది, పెట్టాల్సిన కాడ ఉత్త ఆర్, అంటే చదివేది మాత్రమే, పెట్టినా. టాస్కుల్ని నడిపే స్టార్‌పీయూ రన్‌టైమ్ ఏమనుకుంటాది, ఒకే వెక్టర్ మీద రెండు టాస్కులూ చదివేటివే కదా అని ఒకేసారి వదిలేస్తాది, ఒకసారి కరెక్ట్ ఆన్సరు ఇంగోసారి చెత్త, రాత్రి పదకొండు దాకా పిచ్చోని మాదిరి ఆ లూప్‌లోనే తప్పు వెతికినా 😭 ఇంగోటి, ఫ్యాక్టర్‌ని సీఎల్ ఆర్గ్‌లో (టాస్కుకి ఆర్గ్యుమెంట్ పంపే పాయింటరు) లోకల్ వేరియబుల్ అడ్రస్‌గా ఇచ్చి, టాస్క్ అయిపోయేదాకా వెయిట్ చేయకుండా ఫంక్షన్ నుంచి రిటర్న్ అయితే, టాస్క్ నడిచేసరికి ఆడ ఆ వేరియబులే ఉండదు, అదీ రాయండన్నా.