రాబర్ట్ జాన్సన్‌కి గిటార్ నేర్పింది దయ్యం కాదు

ఆ ఫార్వర్డ్ మళ్ళీ వచ్చింది. స్కూలు ఫ్రెండ్స్ గ్రూపులో, ఆఫీసు గ్రూపులో, ఆఖరికి సంగీతమంటే ప్రాణం పెట్టే మిత్రుల నుంచి కూడా. 'స్లైడ్ గిటార్ వెనక భయంకర రహస్యం' అని పేరు. స్లైడ్ అంటే వేలికి తొడిగిన సీసానో, లోహపు ముక్కనో తీగల మీద జారించి వాయించే పద్ధతి. అమెరికాలోని మిసిసిపీకి చెందిన గిటారిస్టు రాబర్ట్ జాన్సన్ అర్ధరాత్రి నాలుగు రోడ్ల కూడలిలో దయ్యానికి ఆత్మను అమ్మి, తెల్లారేసరికి విద్వాంసుడయ్యాడట. ఆ శాపం తగిలి స్లైడ్ వాయించేవాళ్ళంతా 27 ఏళ్ళకే పోతారట. వేళ్ళు సరిగ్గా తిరగని తాగుబోతులు సారా సీసా తొడుక్కొని వాయించేదట అది. పైగా మన వీణ నుంచి ఎత్తుకుపోయిందట. చివర్న 'పది మందికి పంపండి' అని ఆజ్ఞ.

ముందు ఆ 27 సంగతి. జాన్సన్ 1938లో 27 ఏళ్ళకే పోయాడు, నిజమే. మిగతా స్లైడ్ గిటారిస్టుల్లో డ్యువాన్ ఆల్మన్ మోటార్ సైకిల్ ప్రమాదంలో పోయింది 24కి. ఎల్మోర్ జేమ్స్ 45 దాకా ఉన్నాడు. సన్ హౌస్ ఎనభై దాటి బతికాడు. బానీ రెయిట్ డెబ్భై దాటాక, 2023లో కూడా గ్రామీ అందుకుంది. దీనికింతకంటే సమాధానం అక్కర్లేదు.

నాకు ఒళ్ళు మండేది దయ్యం దగ్గరే. కుర్రతనంలో జాన్సన్ గిటార్ బాగా వాయించేవాడు కాదని, అప్పట్లో అతన్ని దగ్గర్నుంచి చూసిన సన్ హౌసే చెప్పాడు. పెద్దవాళ్ళు విరామం తీసుకోగానే వాళ్ళ గిటార్ లాక్కుని టింగుటింగుమనిపిస్తుంటే, జనం విసుక్కునేవాళ్ళట. తర్వాత ఊరొదిలి వెళ్ళి, తిరిగొచ్చేసరికి అందరూ నోరెళ్ళబెట్టారు. ఈ మధ్యలో ఏం జరిగిందో ఫార్వర్డ్ రాసినవాడికి అక్కర్లేదు. బోరిగార్డ్ అనే ఊళ్ళో ఐక్ జిమ్మర్‌మన్ అనే గిటారిస్టు అతన్ని ఇంట్లో పెట్టుకొని నేర్పాడు. రాత్రిళ్ళు ఇద్దరూ దగ్గర్లోని శ్మశానానికి వెళ్ళి సమాధుల మీద కూర్చుని సాధన చేసేవాళ్ళు, అక్కడైతే ఎవరి నిద్రా చెడదు కాబట్టి. పైగా జాన్సన్ రికార్డులు విని, వాటిలోని పట్లు పట్టుకునేవాడు. ఒక్క రాత్రి పని కాదది.

మరి కూడలి కథ? అది మొదట టామీ జాన్సన్ అనే ఇంకో గాయకుడిది. అతని అన్న చెప్పిన కథని తర్వాత రాబర్ట్‌కి అంటగట్టారు. 1936లో రాబర్ట్ పాడిన కూడలి పాటలో దయ్యమే లేదు. మోకాళ్ళ మీద కూర్చుని దేవుణ్ణి కరుణించమంటాడు. బండి ఆపమని చెయ్యి ఊపితే ఎవరూ ఆపరు, పొద్దు గుంకుతుంటుంది. ఆ రోజుల్లో మిసిసిపీలో ఒంటరి నల్లవాడు చీకటి పడ్డాక తెలియని ఊరి రోడ్డు మీద తెల్లవాళ్ళకి దొరికిపోతే ఏమవుతుందో ఆలోచించండి. అంత భయాన్ని తీసేసి దయ్యం కథ పెట్టుకున్నాం! 1937 రికార్డింగుల్లో అతను దయ్యం పేరు ఎత్తిన పాటలున్నాయి, కాదనను. పాటలో దయ్యం ఉంటే విద్య కూడా దయ్యమే ఇచ్చినట్టా? ద్వారం వెంకటస్వామి నాయుడుగారి ఫిడేలు వింటే 'ఏం సాధన!' అంటాం. నల్లజాతి కుర్రాడు వాయిస్తే మాత్రం దయ్యమా? అతని కష్టాన్ని, నేర్పిన గురువుని ఒక్క దెబ్బతో చెరిపేస్తున్నారు.

ఇక సీసా. డ్యువాన్ ఆల్మన్ వేలికి తొడుక్కున్నది జలుబు మాత్రల గాజు సీసా. డ్యువాన్ పుట్టినరోజుకి తమ్ముడు గ్రెగ్ తాజ్ మహల్ అనే గాయకుడి రికార్డుతోపాటు ఆ మాత్రలు కూడా ఇచ్చాడట. డ్యువాన్ మాత్రలు బయట పోసి, లేబుల్ కడిగేసి, ఉంగరపు వేలికి తొడిగి మొదలుపెట్టాడు. 1971 మార్చిలో న్యూయార్క్‌లోని ఫిల్‌మోర్ ఈస్ట్ హాల్లో రికార్డయిన కచేరీ వినండి, ఆ సీసా ఏం చేసిందో తెలుస్తుంది. వేళ్ళు తిరగనివాళ్ళు చేసే పనా అది? తీగని నొక్కకూడదు, ఊరికే తాకాలి. గాజు సరిగ్గా ఫ్రెట్ (గిటార్ మెట్టు) గీత మీదే నిలవాలి, వెంట్రుకవాసి తప్పినా శ్రుతి పోతుంది. వెనక ఇంకో వేలు తీగల మీద మెత్తగా ఆనించకపోతే గరగరమంటుంది. ఒక్క రోజు ప్రయత్నించి చూడమనండి.

వీణ విషయంలో మాత్రం ఫార్వర్డ్‌లో కొంత నిజముంది, ఒప్పుకుంటాను. తీగ మీద కర్రముక్క జారించి వాయించడం మన దగ్గర చాలా పాతది. 13వ శతాబ్దపు సంగీత రత్నాకరంలోని ఏకతంత్రి వీణ అలాంటిదే, గోటువాద్యం ఇప్పటికీ కచేరీల్లో ఉంది. కానీ 'ఎత్తుకుపోయారు' అనడానికి ఆధారమేది? హవాయిలో 19వ శతాబ్దం చివర్లో జోసెఫ్ కెకుకు లోహపు ముక్కతో వాయించి ప్రచారంలోకి తెచ్చాడు. మిసిసిపీలో గోడకి కొట్టిన ఒంటి తీగ మీద సీసా జారించి వాయించే అలవాటు ఆఫ్రికా నుంచి వచ్చింది. పైగా ఆ హవాయి గిటారే మన దేశానికొచ్చింది. దాన్ని బ్రిజ్ భూషణ్ కాబ్రా శాస్త్రీయ కచేరీకెక్కించాడు. విశ్వమోహన్ భట్ గిటార్‌ని మార్చి మోహన వీణ చేసుకొని, అమెరికన్ గిటారిస్టు రై కూడర్‌తో కలిసి వాయించిన 1993 నాటి ఆల్బమ్‌కి గ్రామీ వచ్చింది. అమెరికన్ స్లైడ్ గిటారిస్టు డెరెక్ ట్రక్స్ అలీ అక్బర్ ఖాన్ సరోద్ నుంచి నేర్చుకున్నానని బాహాటంగా చెబుతాడు.

ఇంకా పంపి తీరతామంటే వీణ ముక్క ఉంచండి, 'ఎత్తుకుపోయారు' అన్నమాట తీసేయండి. దయ్యం ఉన్నచోట ఐక్ జిమ్మర్‌మన్ పేరు రాయండి.