ట్రామ్ బండ్ల లెక్క చెప్పండి

కోల్‌కతాలో ట్రామ్‌లను ఆపేసి, ఎస్ప్లనేడ్-మైదాన్ మధ్య మాత్రం వారసత్వ చిహ్నంగా నడుపుతామని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ప్రకటించింది. నూట యాభై ఏళ్ల వేడుకలు జరిగి అప్పటికి ఏడాదిన్నరే. 1873లో సియాల్దా నుంచి ఆర్మేనియన్ ఘాట్ దాకా గుర్రాలు లాగిన బండ్లవి. 1902లో కరెంటుకు మారాయి. రోడ్లు ఇరుకు, ట్రాఫిక్ రద్దీ అన్న సర్కారు వాదన నిగ్గు తేల్చే పని కోర్టులో ఉంది. పట్టాలపై తారు పోయడాన్ని కలకత్తా హైకోర్టు ఇప్పటికే తప్పుపట్టింది కూడా. మేము అడిగేది వేరు. ఒక్క చిన్న మార్గానికి కాసిని బండ్లు చాలు. మిగతావి ఎటు పోతాయి?

బొంబాయి అనుభవం చూస్తే ఈ భయం ఉత్తది కాదని తెలుస్తుంది. అక్కడ 1907 నుంచి 1964 మార్చి 31 దాకా ఎలక్ట్రిక్ ట్రామ్‌లు తిరిగాయి. తీరా సీఎస్ఎంటీ (ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్) రైల్వే స్టేషన్ దగ్గర ప్రదర్శనకు ఒకటి పెట్టాలనుకుంటే కోల్‌కతా నుంచి తెప్పించుకోవాల్సి వచ్చింది! సొంత తాత ఫొటో పారేసుకుని పక్కింటి తాత బొమ్మను గోడకు తగిలించుకున్నట్టుంది.

మద్రాసు సంగతి మనకు మరీ దగ్గరిది. దేశంలో మొదటి ఎలక్ట్రిక్ ట్రామ్ 1895లో నడిచింది అక్కడే. 1953 ఏప్రిల్‌లో, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడటానికి ఆరు నెలల ముందు, కంపెనీ దివాలా తీసి ఆగిపోయింది. చదువులకీ, కోర్టు పనులకీ, కొలువులకీ రాజధానికి చేరిన తెలుగువాళ్లు రోజూ ఎక్కిదిగిన బండి అది.

ఇంగ్లండులో 1948లో సౌతాంప్టన్ ట్రామ్‌లు తుక్కుకు పోతుంటే కొందరు అభిమానులు 45వ నంబరు బండిని పది పౌండ్లకు కొన్నారు. నిలపడానికి చోటు కూడా లేదు వాళ్లకి. క్రిచ్‌లోని ట్రామ్‌వే మ్యూజియానికి మూలం ఆ కొనుగోలే. ఏ నంబరు బండి ఎప్పుడు తయారైంది, ఏ ఊళ్లో తిరిగింది, ఇప్పుడు ఏ షెడ్డులో ఏ స్థితిలో ఉంది అన్నది రాసిపెట్టుకునే అలవాటు అలాంటివాళ్ల వల్లే పాకింది. అధికారులు చేయాల్సిన పనే అనుకోండి.

కోల్‌కతాలో 1938 నాటి బండి ఒకటి 'స్మరణిక' పేరుతో మ్యూజియంగా మారింది. సంతోషమే. కానీ నిలబెట్టిన బండి వేరు, నడిచే బండి వేరు. మోటారు, వేగాన్ని అదుపుచేసే కంట్రోలరు, పైతీగను తాకుతూ సాగే ట్రాలీ కడ్డీ... వీటిని బాగుచేసే నేర్పు అక్కడి నోనాపుకుర్ ట్రామ్ వర్క్‌షాపు కార్మికుల చేతుల్లో ఉంది. వాళ్లను వేరే పనులకు మళ్లిస్తే మ్యూజియం బండికి విడిభాగం చేసిపెట్టే దిక్కుండదు. 1925లో బొంబాయిలో వీటీ (ఇప్పటి సీఎస్ఎంటీ)-కుర్లా మధ్య మొదలైన ఎలక్ట్రిక్ లోకల్ రైళ్ల పాత పెట్టెల విషయంలో రైల్వే శాఖనూ ఇదే ప్రశ్న అడగాలి.

బెంగాల్ రవాణా సంస్థ డిపోల్లోని ప్రతి ట్రామ్ నంబరు, వయసు, స్థితి జనం చూసేలా ప్రకటించాలి. బతికించదగ్గవి ఏవో నిపుణులతో తేల్చాలి, దేశంలోని మ్యూజియాలకు ముందుగా అడిగే అవకాశం ఇవ్వాలి. అంతవరకు ఒక్క బండినీ వేలానికి పెట్టకూడదు.