బారో గారికి, లెండ్ గారికి

మహారాజశ్రీ బారో గారికి, లెండ్ గారికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. మీకేం, మీరు కుశలంగానే ఉంటారు. కుశలం పోయింది నాకే, ఈ మధ్యాహ్నం రెండున్నరకి.

ఆఫీసు గ్రూపులో ఒకావిడ ఎవరి దగ్గరైనా ఛార్జర్ ఉందా అని అడిగారు. పాపం కదా అని "ఐ కెన్ బారో యూ మై ఛార్జర్" అని పెట్టాను. నిమిషం తిరక్కుండా, మొన్న చేరిన కుర్రాడు "లెండ్, సర్" అన్నాడు. పక్కన పళ్ళికిలించే బొమ్మొకటి. ఇచ్చేవాడు చేసేది లెండ్ అట, పుచ్చుకునేవాడు చేసేది బారో అట. 40 మంది ఉన్న గ్రూపు. 11 మంది నవ్వారు. లెక్కపెట్టాను.

మాకు అప్పు ఒకటే మాటండీ. ఇస్తే అప్పిచ్చినట్టు, తీసుకుంటే అప్పు తీసుకున్నట్టు, పప్పు కూటి కోసమైతే అప్పు చేసినట్టు. ఎటు నుంచి ఎటు పోయిందో చెప్పుకోవడం క్రియ పని, అప్పుకేం పట్టింది? చేబదులూ అంతే, అరువూ అంతే. ఎవరు ఎవరికి బాకీయో మా వీధిలో ఒక్కరూ తికమకపడింది లేదు.

బారో గారూ, మీ జర్మన్ చుట్టం బోర్గెన్‌ని చూడండి. ఇవ్వడమూ పుచ్చుకోవడమూ ఒంటిచేత్తో కానిచ్చేస్తాడు. అంతదూరం ఎందుకు, మీ పక్కింట్లోనే రెంట్ గారున్నారు. ఓనరు చేసేదీ రెంటే, అద్దెకి దిగినవాడు చేసేదీ రెంటే. ఇంత ఇంటికి సరిపోయిన ఒక్క మాట, బోడి ఛార్జర్‌కి సరిపోదా?

లెండ్ గారూ, మీతో వేరే లెక్కుంది. ఎనిమిదో తరగతిలో మా ఇంగ్లీషు మాస్టారు "ఒరే, ఇస్తాలెండి అని గుర్తుపెట్టుకోండి, లెండ్ అంటే ఇవ్వడం" అన్నారు. భలే ఉందనుకున్నాను. పెద్దయ్యాక తెలిసింది, "ఇస్తాలెండి" అనేది ఇచ్చేవాడు కాదు, తీసుకుని ఎగ్గొట్టేవాడు. జీతం పడగానే ఇస్తాలెండి. పండగ వెళ్ళాక ఇస్తాలెండి. ఎక్కడికి పోతాను, ఇస్తాలెండి. వినీ వినీ నా బుర్రలో మీరు అవతలి పక్షంలో స్థిరపడిపోయారు. తప్పు నాదా?

అఫెక్ట్, ఎఫెక్ట్ గార్లు మా నోట్లో ఎలాగూ ఒకటే పలుకుతారు కాబట్టి బతికిపోయారు. హియర్, లిజన్ గార్ల తేడా నాకు అనవసరం, ఇంట్లో నా మాటని ఆ రెండిట్లో ఏదీ చెయ్యరు.

అసలు ఛార్జర్ నాది. ఇస్తానన్నది నేను. ఆవిడకి అర్థమైంది, వచ్చి పట్టుకెళ్ళింది. మరి మధ్యలో మీకేం నొప్పి? నలుగురిలో నా పరువు తియ్యడానికి తప్ప దేనికయ్యా మీరిద్దరూ?

ఆరున్నరైంది. ఆవిడ ఇంటికెళ్ళిపోయింది, ఛార్జర్‌తో సహా. ఫోన్ చేస్తే "అయ్యో, రేపు ఇస్తాలెండి" అంది.

4 శాతం ఉంది. ఉంటాను.