కరాచీ ఎవరి ఊరు?

హైదరాబాద్‌లో చుట్టాలింటికి వెళ్తూ ఫ్రూట్ బిస్కెట్ల డబ్బా కొనే వాళ్లకి కరాచీ అంటే ఒక బేకరీ పేరు. దేశ విభజనప్పుడు సింధ్ వదిలి వచ్చిన కుటుంబం 1953లో పెట్టిన కొట్టు అది. అటు కరాచీలోనూ ఒక ‘హైదరాబాద్ కాలనీ’ ఉంది. మన దక్కన్ నుంచి వలస వెళ్లిన వాళ్లు స్థిరపడిన పేట. అక్కడి పచ్చళ్లకి ఊరంతా పేరు. ఇది చాలదన్నట్టు సింధ్‌లో ఇంకో హైదరాబాద్ ఉంది. 1843లో బ్రిటిష్ వాళ్లు సింధ్‌ని ఆక్రమించేదాకా తాల్పూర్ మీర్ల రాజధాని అదే. రేవు ఉందని బ్రిటిష్ సేనాని చార్లెస్ నేపియర్ పాలనని కరాచీకి మార్చాడు.

ఆ రాజధాని హోదా కూడా కుదురుగా ఏం లేదు. 1947లో కరాచీ ఏకంగా పాకిస్తాన్ దేశ రాజధాని అయింది. మరుసటి ఏడాదే దాన్ని సింధ్ నుంచి విడదీసి కేంద్రం కింద పెట్టారు. సింధ్ ప్రభుత్వం సొంత నగరంలోంచి మూటాముల్లె సర్దుకుని వెనక్కి హైదరాబాద్ వెళ్లాల్సి వచ్చింది. 1955లో సింధ్ అనే ప్రావిన్సే రద్దయింది. 1959లో సైనిక పాలకుడు అయూబ్ ఖాన్ దేశ రాజధానిని ఉత్తరాదికి తీసుకుపోయాడు. చివరికి 1970లో సింధ్‌ని మళ్లీ ఏర్పాటు చేసి కరాచీని దాని చేతికిచ్చారు.

తిరిగొచ్చింది మాత్రం పాత ఊరు కాదు. 1941లో నాలుగు లక్షల పైచిలుకు ఉన్న జనాభా పదేళ్లలో పది లక్షలు దాటింది. హిందువుల్లో ఎక్కువ మంది వెళ్లిపోయారు, ఇండియా నుంచి ఉర్దూ మాట్లాడే వలసదారులు, అంటే ముహాజిర్లు వచ్చారు. సింధీల రాజధానిలో సింధీ వినపడటం తగ్గింది. 1972లో సింధీని అధికార భాషగా చేస్తూ బిల్లు తెస్తే అల్లర్లు జరిగి మనుషులు చచ్చిపోయారు.

కరాచీ కష్టాల గురించి రాసేవాళ్లు మామూలుగా జనాభా దగ్గర మొదలుపెడతారు. 2023 లెక్కల్లో అది రెండు కోట్లు దాటింది, నిజమే. నాకు మాత్రం అసలు ముడి వేరే చోట ఉన్నట్టనిపిస్తుంది. ఈ రాజధానిలో కూర్చుని పాలించేవాళ్లకి ఈ రాజధాని ఓట్లతో పెద్దగా పనిలేదు. 2008 నుంచి సింధ్‌ని ఏలుతున్న పీపుల్స్ పార్టీ బలమంతా లోపలి జిల్లాల్లో, పల్లెల్లో. నగరం ఏళ్ల తరబడి ముహాజిర్ల పార్టీ ఎంక్యూఎంకి ఓటేసింది, 2018లో ఇమ్రాన్ ఖాన్ పార్టీ వైపు తిరిగింది. గెలవలేని ఊరికి అధికారాలు ఎవరిస్తారు? భవనాల అనుమతులు 2011లో, చెత్త ఎత్తే పని 2014లో ప్రావిన్స్ స్థాయి సంస్థలకి పోయాయి. మేయర్ గొలుసు మెళ్లో వేసుకున్నా చెత్త బండి ఆయన మాట వినదు.

అలాగని నగర నాయకులు చేతులు దులుపుకోలేరు. ఎంక్యూఎం హవా నడిచిన రోజుల్లో హర్తాళ్లు, కాల్పులు, ‘భత్తా’ పేరుతో దుకాణాల నుంచి వసూళ్లు ఊరికి అలవాటైపోయాయి. ఆ దందా వేరే పార్టీల ముఠాలూ చేశాయి. 2013లో రేంజర్లు అనే పారామిలిటరీ దళం ఆపరేషన్ మొదలుపెట్టాకే అది సద్దుమణిగింది.

నేల సంగతి ఇంకా చిత్రం. ఒక వీధి కార్పొరేషన్‌ది, పక్కది కంటోన్మెంట్‌ది. ఆరు కంటోన్మెంట్ బోర్డులున్నాయి. ఆపైన సైన్యం చేతిలోని డిఫెన్స్ హౌసింగ్ అథారిటీ, పోర్ట్ ట్రస్ట్, రైల్వే. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మన సామెత. 2020 ఆగస్టులో ఒక్క రోజున 220 మిల్లీమీటర్లకు పైగా కురిసినప్పుడు నీళ్లకి ఈ సరిహద్దులేవీ పట్టలేదు. కోట్ల ఖరీదు చేసే డిఫెన్స్ బంగళాల్లో కూడా రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అక్కడివాళ్లు కంటోన్మెంట్ బోర్డు ఆఫీసు ముందు ధర్నాకి దిగారు. అలాంటి పేటలో ధర్నా అంటే వార్తే మరి.

వాన నీళ్లు అలా ఉంటే తాగే నీళ్లు ఇలా: సింధు నది నీళ్లు కీంఝర్ చెరువు మీదుగా వంద కిలోమీటర్ల పైన ప్రయాణం చేసి రావాలి. అవసరంలో సగం దాకానే వస్తాయని అంచనా. మిగతా సగం చుట్టూ ట్యాంకర్ల వ్యాపారం పెరిగింది. ఇందులో తమాషా ఏంటంటే, ట్యాంకర్లో నీళ్లు ఆకాశంలోంచి ఊడిపడవు. చాలాసార్లు అవి అదే ప్రభుత్వ పైపులోంచి దొంగ హైడ్రెంట్ పెట్టి తోడినవి. కుళాయిలో రావాల్సిన నీళ్లే చక్రాల మీద వస్తాయి, డబ్బులిచ్చి కొనుక్కోవాలి. కొత్త నీళ్లు తెచ్చే కే-ఫోర్ ప్రాజెక్టు గురించి రెండు దశాబ్దాలుగా వింటున్నారు, 2025 నాటికి కూడా అది పూర్తి కాలేదు.

ఆ దొంగ హైడ్రెంట్లు ఎక్కడున్నాయో మ్యాపుల మీద గుర్తించిన మనిషి పర్వీన్ రెహ్మాన్. ఆర్కిటెక్ట్. 2013 మార్చి 13న ఆమెని కాల్చి చంపారు. ఆమె నడిపిన ఒరంగీ పైలట్ ప్రాజెక్ట్ కథ తెలియకుండా కరాచీ అర్థం కాదు. ఒరంగీ అంటే పట్టాల్లేని ఇళ్ల మహా బస్తీ. 1980లో సామాజిక కార్యకర్త అఖ్తర్ హమీద్ ఖాన్ అక్కడికి వెళ్లేసరికి మురుగు సందుల్లోనే పారుతోంది. సర్కారు వచ్చి పైపులు వేస్తుందని జనం ఎదురుచూస్తున్నారు. ఆయన డబ్బు ఇవ్వలేదు, లెక్క చూపించాడు. కాంట్రాక్టర్, కమీషన్ లేకుండా వేసుకుంటే ఖర్చు ఎంత తగ్గుతుందో చెప్పాడు. సందులో ఇరవై, ముప్పై ఇళ్లవాళ్లు కూడి ఒక పెద్దని ఎన్నుకున్నారు, తలా ఇంత వేసుకున్నారు, తామే తవ్వుకున్నారు. ప్రాజెక్టు వాళ్లు కొలతలూ నమూనాలూ ఇచ్చారు. అలా వేల సందుల్లో మురుగు పైపులు పడ్డాయి. పని పంపకం తేలిక: ఇంట్లో మరుగుదొడ్డి, సందులో పైపు జనానివి. పెద్ద కాలువ ప్రభుత్వానిది.

2023 జూన్‌లో మొదటిసారి పీపుల్స్ పార్టీ మనిషే మేయర్ అయ్యాడు. ప్రావిన్సూ నగరమూ ఒకే పార్టీ చేతిలో ఉన్నాయి కాబట్టి పాత సాకు ఇప్పుడు పనిచేయదు. అయినా పెద్ద కాలువ పనికి ముందుకొచ్చేవాళ్లు తక్కువ. హైదరాబాద్ వాళ్లకి నాలా అంటే విడమర్చి చెప్పక్కర్లేదు. 2020 వరదల తర్వాత గుజ్జర్ నాలా, ఒరంగీ నాలా వెడల్పు చేస్తామని ఒడ్డున ఉన్న వేల ఇళ్లు కూల్చారు. లీజు కాగితాలున్న ఇళ్లు కూడా వాటిలో ఉన్నాయి. ఒరంగీ సందుల్లో జనం సొంత డబ్బుతో వేసుకున్న పైపులు పోయి కలిసేది ఇలాంటి నాలాల్లోనే.