రాణిగారి జబ్బ మీద టీకా మచ్చ

విజయనగరంలో మా పేట సంఘం వారు తమ కల్యాణమండపం గోడకు ముగ్గురు మధ్యయుగ మహారాణుల తైలవర్ణ చిత్రాలు పెట్టించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ చిత్రాలలో చరిత్రకు విరుద్ధమైనది ఏదైనా ఉన్నదేమో చూసి ధ్రువీకరించే బాధ్యత, ముప్పై ఏళ్లపాటు పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన పాపానికి, నా నెత్తిన పడింది.

పరీక్షకుడిగా నేను మొట్టమొదట తేల్చిన సంగతి ఏమిటంటే, ఈ వ్యవహారంలో తప్పంతా రాణులదే. గుళ్లు కట్టించారు, చెరువులు తవ్వించారు, అఖండదీపాలకు దానాలు ఇచ్చి ఆ లెక్కలన్నీ రాతి మీద చెక్కించారు గాని, తమ ముక్కు సూటిగా ఉండేదో చప్పిడిగా ఉండేదో ఒక్క ముక్క రాయించాలన్న ఇంగితం వారికి లేకపోయింది. వెలనాటి గొంకరాజు రాణి పన్నెండో శతాబ్దంలో సింహాచలం అప్పన్నకు బంగారు తొడుగు చేయించినట్టు శాసనం ఉంది. స్వామికి అంత బంగారం పెట్టగలిగిన ఇల్లాలు తనకొక బొమ్మ వేయించుకోలేకపోయిందా? అందుకే సంఘం వారు ఆవిడ పేరును పరిశీలనకు కూడా తీసుకోలేదు.

రాణులు చేసిన ఈ అశ్రద్ధను సరిదిద్దే భారం చిత్రకారుడి మీద పడింది, అతను దాన్ని చాలా పొదుపుగా నిర్వహించాడు. ముగ్గురికీ ఒకటే ముఖం వేశాడు. ఇది సోమరితనం కాదు, సంప్రదాయం. రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టి దేవతలకూ పురాణస్త్రీలకూ ఇంటింటి గోడ మీద ఒక ముఖం ఖాయం చేశాక, అదే ముఖం క్రమంగా క్యాలెండర్లకూ, అక్కడినుంచి నగల దుకాణాల ఫ్లెక్సీలకూ చేరింది. ఇప్పుడది మా మండపానికి వచ్చింది. పోల్చుకోవడంలో ఇబ్బంది లేదు. కత్తి పట్టుకున్నావిడ రుద్రమదేవి, దీపం పట్టుకున్నావిడ గంగవంశపు రాజసుందరి, చిలకను పట్టుకున్నావిడ తిరుమలదేవి. ఎవరైనా పొరపాటున ఆ మూడు వస్తువులనూ తారుమారు చేస్తే మాత్రం మూడు రాజ్యాలు తారుమారవుతాయి.

వయసు విషయం కొంచెం నిదానంగా చెప్పాలి. రుద్రమదేవి 1289 ప్రాంతంలో మరణించినట్టు చందుపట్ల శాసనం వల్ల తెలుస్తోంది. అప్పటికి ఆవిడ పాతికేళ్లకు పైగా రాజ్యం చేసి, కూతురి కొడుకు ప్రతాపరుద్రుణ్ణి వారసుడిగా తయారుచేసిన అమ్మమ్మ. మా చిత్రంలోని రుద్రమకు పందొమ్మిది దాటలేదు; గుర్రం మీద యుద్ధానికి వెళ్తూ కూడా ఆవిడ కాటుక చెదరలేదు. ఒక నెరిసిన వెంట్రుకైనా వేయమని నేను కోరితే, పెళ్లిళ్లు జరిగే చోట ముసలమ్మ బొమ్మ ఏం బాగుంటుందని కార్యదర్శిగారు నన్ను మందలించారు.

రాజసుందరి మా వైపు కోడలు. చోళుల ఇంటి ఆడపడుచు, కళింగనగరంలో, అంటే ఇప్పటి శ్రీకాకుళం జిల్లా ముఖలింగంలో మెట్టినావిడ, 1078లో పట్టం కట్టుకున్న అనంతవర్మ చోడగంగదేవుడికి తల్లి. దక్షిణాదిన పుట్టి వంశధార ఒడ్డున కాపురం చేసిన మనిషి ఇంత తెల్లగా ఎలా ఉన్నారని అడిగితే, చిత్రకారుడు ఒక రంగు ట్యూబు తెచ్చి చూపించాడు. దాని మీద ‘ఫ్లెష్ టింట్’ అని అచ్చు వేసి ఉంది. కంపెనీ వాళ్లే ఒంటిరంగు ఇదని నిర్ణయించాక మధ్యలో మన పెత్తనం ఏమిటి? ఇక బట్టల సంగతి. ముఖలింగం గుడి గోడల మీది స్త్రీమూర్తుల వేషాన్ని ఉన్నదున్నట్టు దించితే సంఘ సభ్యులు కుటుంబాలతో మండపానికి రాలేరు కనుక, పదకొండో శతాబ్దపు రాణికి మోచేతుల దాకా బుట్టచేతుల జాకెట్టు తొడగడాన్ని నేను మనస్ఫూర్తిగా ఆమోదించాను.

తిరుమలదేవికి మాత్రం ఆధారం ఉంది. తిరుమల ఆలయంలో కృష్ణదేవరాయలకు ఇరుపక్కలా చేతులు జోడించి నిలబడిన ఇద్దరు దేవేరుల లోహవిగ్రహాలలో ఆవిడది ఒకటి, పేరు కూడా చెక్కి ఉంది. పుస్తకంలోని ఆ ఫోటోను చిత్రకారుడి ముందు పెట్టాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “రానిలా లేదు మేస్టారూ, మనింటి ఆడపిల్లలా ఉంది” అని తిరిగి ఇచ్చేశాడు. రాయలవారూ తిరుమలదేవీ 1516లో సింహాచలం వచ్చి స్వామికి 991 ముత్యాల హారం సమర్పించారు. దేవుడికి ఇచ్చేసిన ఆ సొమ్ము మా చిత్రంలో వడ్డీతో సహా ఆవిడ మెడకు తిరిగి వచ్చింది.

అసలు చిక్కు రుద్రమ చిత్రం దగ్గర వచ్చింది. కళ్లజోడు సర్దుకుని దగ్గరగా చూస్తే, ఎడమ జబ్బ మీద రూపాయి కన్నా చిన్నదిగా, గుండ్రంగా, మధ్యలో కాస్త గుంటపడిన మచ్చ కనిపించింది. భుజం మీద పమిట కుచ్చిళ్లను కలిపి పట్టిన పిన్నీసు కూడా ఉంది, దాని తల మీద తళుకు చుక్కతో సహా. “ఏటి మేస్టారూ, ఉన్నదే కదా ఏసినాను. మా పాపను నిలబెట్టి సూసి ఏసినాను” అన్నాడతను. మూడు చిత్రాలలోనూ కంటితో చూసి వేసినవి ఆ రెండే అని అప్పుడు అర్థమైంది. కాని జబ్బ మీద అలాంటి మచ్చ మిగిల్చే బీసీజీ, అంటే క్షయ రాకుండా వేసే టీకా, మనుషులకు మొదట వేసింది 1921లో. రుద్రమకు అది 632 ఏళ్లు ముందుగా అందినట్టు నేను సంతకం పెట్టడం ఎలా? ప్రాచీన భారతంలో అన్నీ ఉండేవని నమ్మే సభ్యులు ఇద్దరు మచ్చను ఉంచాలనీ, దాని కింద ఒక వివరణ ఫలకం పెట్టాలనీ గట్టిగా పట్టుబట్టారు.

రెండు గంటల చర్చ తరవాత రాజీ కుదిరింది. పిన్నీసును బంగారు పూసగా మార్చారు. మచ్చ మీద కెంపులు పొదిగిన వంకీ ఒకటి వేయించారు. ‘కాకతీయుల కాలపు వంకీ’ అని రాసి నేను సంతకం చేశాను. ఆ వారం మండపంలో జరిగిన మొదటి పెళ్లికి వచ్చిన ఒకావిడ ఆ వంకీని ఫోన్లో నాలుగు వైపులనుంచి ఫోటోలు తీసుకుని, భోజనం కూడా చేయకుండా, అలాంటిదే చేయించుకోవడానికి గంటస్తంభం వైపు ఆటో ఎక్కింది.