ప్రమోషన్ ఆపండి, ఉక్కు దానంతటదే వస్తుంది

మన దేశంలో ఉక్కు పరిశ్రమ ఎలా మొదలైంది అంటే అందరూ జంషెడ్‌జీ టాటా ముందుచూపు అంటారు, కరెక్టే, కానీ ఒక ప్రమోషన్ ఫైలుకి దక్కాల్సిన క్రెడిట్ ఇప్పటికీ దక్కలేదు, అదే నా బాధ.

ప్రమథనాథ్ బోస్ గారని బెంగాలీ ఆయన, లండన్‌లో రాయల్ స్కూల్ ఆఫ్ మైన్స్‌లో చదివొచ్చి 1880లో జియలాజికల్ సర్వేలో, అంటే నేలలో ఏ ఖనిజం ఎక్కడుందో వెతికే సర్కారు శాఖలో చేరారు. ఇరవై ఏళ్ళు పైనే సుత్తి పట్టుకుని కొండలెక్కి రాళ్ళు కొట్టారు, తీరా డైరెక్టర్ కుర్చీ ఖాళీ అయ్యేసరికి ఈయన కన్నా పదేళ్ళు వెనక చేరిన హాలండ్ దొరని తెచ్చి అందులో కూర్చోబెట్టారు. బోస్ గారు 1903లో ఉద్యోగానికి దణ్ణం పెట్టేసి ఇప్పటి ఒడిశాలోని మయూర్‌భంజ్ సంస్థానానికి వెళ్ళిపోయారు, అక్కడ గోరుమహిసాని కొండలో ఇనుము పట్టుకున్నారు, ఆ సంగతి చెబుతూ 1904 ఫిబ్రవరి 24న టాటాకి ఉత్తరం రాశారు. అదే డైరెక్టర్ అయ్యుంటే? టూర్ బిల్లుల మీద సంతకాలు పెట్టుకుంటూ రిటైరయ్యేవారు.

సర్కారు కొలువులో ఉండగా కనిపెట్టలేదా అంటే కనిపెట్టారండీ, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని దల్లీ రాజ్‌హరా కొండల మీద 1887లోనే రిపోర్ట్ ఇచ్చారు. అది ఎక్కడ తేలింది? జంషెడ్‌జీ కొడుకు దొరాబ్జీ టాటా నాగపూర్‌లో కమిషనర్‌ని కలుద్దామని వెళ్తే దొరగారు సీట్లో లేరు, ఊసుపోక ఎదురుగా ఉన్న మ్యూజియంలో దూరితే అక్కడ మ్యాపులో ఆ ఇనుము కనబడింది. మ్యూజియంలో! ఆఫీసర్లు సీట్లో లేకపోవడం కూడా దేశసేవేనని ఇప్పటికైనా ఒప్పుకోండి.

మన విశాఖ ఉక్కుకి ఈరోజుకీ సొంత ఇనుప గని లేదు, పాపం ఎవరికో టైముకి ప్రమోషన్ ఇచ్చేసుంటారు.

ఇంకో దొర, రైల్వే పెద్ద అప్‌కాట్, టాటాలు పట్టాలు చేస్తే ఆ ఉక్కు ఒక్కో పౌండూ తినేస్తా అన్నాడట. 1907లో కంపెనీ పెట్టారు, 1912లో సాక్చిలో, అదే ఇప్పటి జంషెడ్‌పూర్‌లో, ఉక్కు పోశారు, మొదటి ప్రపంచ యుద్ధంలో మెసొపొటేమియాకి 1,500 మైళ్ళ పట్టాలు వెళ్ళాయి. ఇనప గుగ్గిళ్ళు వడ్డించి విస్తరేసి పిలిచినా ఆయన మాత్రం భోజనానికి రాలేదు.

మొన్న మా బావకి మూడోసారి కూడా ప్రమోషన్ రాలేదని తెలిసి సంతోషంతో ఫోన్ చేశా. కంగ్రాట్స్ బావా, ఏ కొండ చూసుకున్నావ్ అన్నా. పెట్టేశాడు.